‘యాజ్ ఇఫ్’ తరువాత ‘ఈజ్’ వ్రాయవలెనా, ‘వర్’ వ్రాయవలెనా?

మన పాఠశాల వార్షిక సంచికకు ఇంగ్లీషు భాషను గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. ఏ విషయమును గైకొనవలెనా యని మేము ఎక్కువ ఆలోచింపలేదు. ఈ విద్యాసంవత్సరమున మా చేతి ఎర్ర సిరా ఒక బాలుని నోటుపుస్తకములో చేసిన పొరపాటు మా మనస్సును ఇంకను వదలలేదు. ఆ పొరపాటు ఒక చిన్న క్రియాపదమునకు సంబంధించినది. అయినను ఆ పదము మాటున ఒక యింటి సంతోషము దాగియున్నదని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. విద్యార్థులకు పరీక్షలయందును, తలిదండ్రులకు బిడ్డల చదువును కనిపెట్టుటయందును, తోటి యుపాధ్యాయులకు దిద్దుబాటునందును ఉపయోగపడునను ఆశతో ఆ సంగతినే ఇచ్చట వివరించుచున్నాము.

తొమ్మిదవ తరగతివారికి ‘మై ఫాదర్’ అను వ్యాసమును వ్రాయనిచ్చితిమి. ఎర్రగుంట్ల చుట్టుపట్ల నాపరాతి గనులలో పనిచేయువారి బిడ్డలు మన తరగతులలో అనేకులు గలరు. అట్టివారిలో ఒక బాలుని తండ్రికి వేసవిలో రాతిపలక మీదపడి కాలు విరిగెను. ఆయన పొరుగూరి ఆసుపత్రిలో కొన్ని వారములును, ఇంట మంచముపై కొన్ని నెలలును గడపెను. బాలుడు ఆ కథనంతయు తన శక్తికొలది ఇంగ్లీషున వ్రాసి, కడపట ఈ వాక్యమును చేర్చెను: ‘మై ఫాదర్ లుక్స్ యాజ్ ఇఫ్ హీ ఈజ్ వెల్ అగైన్.’ మా నాయన మరల బాగైనట్లున్నాడని దాని భావము. మేము ‘ఈజ్’ అను పదమును కొట్టివైచి, దానిపై ‘వర్’ అని వ్రాసి, ఒక మార్కు తగ్గించితిమి. ‘యాజ్ ఇఫ్’ కనబడినచోట ‘వర్’ వ్రాయుట మాకు ఇరువది యేండ్లుగా చేతికి అలవాటైన పని.

పుస్తకములు పంచిన తరువాత ఆ బాలుడు మా బల్లయొద్దకు వచ్చి కొంతసేపు ఊరక నిలిచెను. తరువాత మెల్లగా, “సార్, పోయిన వారం మీరే చెప్పినారు కదా, ‘వర్’ అంటే అది నిజం కాదని. ఇప్పుడు ఇది చదివితే మా నాయన బాగు కాలేదని అర్థమొస్తాది కదా సార్? మా నాయన కర్ర లేకుండానే నడుస్తా ఉండాడు సార్” అనెను. ఆ మాటలో కోపము లేదు, మార్కుకొఱకైన వాదమును లేదు. తన తండ్రిని గూర్చి అబద్ధము వ్రాయబడినదే యను బాధ మాత్రమే యుండెను. మేము వెంటనే బదులు చెప్పలేక, “రేపు చెప్తాను, కూర్చో నాయనా” అని పంపివైచితిమి. ఆ రాత్రి ఇంటియొద్దనున్న వ్యాకరణ గ్రంథములనన్నిటిని దింపి చూచితిమి. ఆ బాలుడు వ్రాసినదే సరియైనదని తేలెను.

ఇది యెట్లో తెలిసికొనుటకు మొదట క్రియయొక్క రీతులను తెలిసికొనవలెను. ఇంగ్లీషు వైయాకరణులు క్రియకు ‘మూడ్’ అను నొక ధర్మమును చెప్పుదురు. ఇది రీతి యను నర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. చెప్పువాడు తాను చెప్పు విషయమును ఏ రీతిగా చూచుచున్నాడో దానిని క్రియయొక్క రూపము తెలుపును. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పు రీతికి ‘ఇండికేటివ్’ అని పేరు; మనము దీనిని నిశ్చయరీతి యందము. లేనిదానిని, ఊహించినదానిని, కోరినదానిని చెప్పు రీతికి ‘సబ్జంక్టివ్’ అని పేరు. దీనిని భావనారీతి యందము. ‘హీ ఈజ్ ఎ కింగ్’ అన్నచో నిశ్చయరీతి: అతడు రాజే. ‘ఇఫ్ హీ వర్ ఎ కింగ్’ అన్నచో భావనారీతి: అతడు రాజు కాడు, అయినచో ఏమి జరుగునో మనము ఊహించుచున్నాము.

పూర్వకాలపు ఇంగ్లీషున, అనగా సుమారు 1100 సంవత్సరమునకు ముందటి భాషలో, ప్రతి క్రియకును భావనారీతికి వేఱు ప్రత్యయములు ఉండెడివి. కాలక్రమమున పదాంతములు అరిగిపోవగా ఆ భేదము చాలవఱకు నశించెను. నేడు మిగిలినవి కొన్ని మాత్రమే. ‘గాడ్ బ్లెస్ యూ’ యనుచోట ‘బ్లెసెస్’ అనకపోవుట ఒకటి. వైద్యుడు విశ్రాంతి తీసికొనుమనెను అనుటకు ‘ద డాక్టర్ అడ్వైజ్డ్ దట్ హీ రెస్ట్’ అనుచోట ‘రెస్ట్స్’ అనకపోవుట మఱియొకటి. మూడవది, మన విషయమునకు ముఖ్యమైనది, ఏకవచనమైన ‘ఐ’, ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ అను కర్తలకు సహజమైన ‘వాజ్’ అను రూపమునకు బదులుగా ‘వర్’ అను రూపము వచ్చుట. ‘యూ’, ‘వీ’, ‘దే’ అను కర్తలకు రెండు రీతులలోను ‘వర్’ అనియే యుండును గనుక అచ్చట భేదము కంటికి కనబడదు.

‘యాజ్ ఇఫ్’ అనునది రెండు పదముల కూర్పు. ‘యాజ్’ పోలికను, ‘ఇఫ్’ షరతును తెలుపును. ఈ రెంటి నడుమ ఒక చిన్న వాక్యము లోపించినది. ‘హీ టాక్స్ యాజ్ ఇఫ్ హీ వర్ ద కలెక్టర్’ అను వాక్యమును విప్పి చూచినచో, అతడు కలెక్టరై యున్నచో ఎట్లు మాట్లాడునో అట్లు మాట్లాడుచున్నాడు అని యగును. ‘ఇఫ్’ తరువాతి వాక్యము అసత్యమైన షరతు గనుక ‘వర్’ వచ్చినది. ‘యాజ్ దో’ అనుదానికిని ఇదియే న్యాయము. అందువలన ‘వర్’ అను రూపము ‘యాజ్ ఇఫ్’ను చూచి రాదు, షరతుయొక్క అసత్యత్వమును చూచి వచ్చును. ఈ యొక్క సంగతిని మఱచుటయే మేము చేసిన పొరపాటు.

భూతకాల రూపము వర్తమానకాలపు అసత్యమును ఎట్లు తెలుపునని విద్యార్థులు అడుగుదురు. ఇది వింతగా తోచవలసినది కాదు, ఏలయన మన తెలుగుననే ఇట్టిది కలదు. ఆకాశమునకు నిచ్చెన వేసినట్లు, కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు అని మన పెద్దలు సామెతలు చెప్పుదురు. ఆకాశమునకు ఎవరును నిచ్చెన వేయలేదు. కుక్కతోక పట్టుకొని ఎవరును గోదావరి ఈదలేదు. అయినను ‘వేసిన’, ‘ఈదిన’ అని భూతకాల రూపములనే వాడుచున్నాము. వాన కురిసిన పైరు పండును అను వాక్యములోని ‘కురిసిన’ అనునది రూపమున జరిగినదానివలె నున్నను, అర్థమున కురిసినచో అనియే. దీనికే మన వ్యాకరణములలో చేదర్థకమని పేరు. జరిగిపోయిన కాలము మన చేతికి దూరమైనట్లే, ఊహించిన విషయము సత్యమునకు దూరమైనది. ఆ దూరమును చూపుటకు రెండు భాషలును గతకాలపు రూపమునే ఆశ్రయించినవి.

ఇట్లు మూలస్వభావము ఒకటే యైనను, మన పిల్లలకు ఈ విషయము కష్టమగుటకు తెలుగులోని ‘అట్లు’ అను మాటయే కారణము. ఈ యొక్క మాట నాలుగు పనులు చేయును. మొదటిది, నేను చెప్పినట్లు చేయుము: ఇచ్చట చెప్పుట జరిగినది. రెండవది, వానికి జ్వరము వచ్చినట్లున్నది: ఇది చూచినదానినిబట్టి చేయు ఊహ, సత్యము కావచ్చును. మూడవది, వాడు వచ్చినట్లు చెప్పిరి: ఇది ఒకరివలన వినిన వార్త. నాలుగవది, ఊరంతయు తనదైనట్లు నడచుచున్నాడు: ఇది పూర్తిగా అసత్యము. తెలుగున ‘అట్లు’ మాఱదు. దాని వెంట వచ్చు క్రియయు, సందర్భమును అర్థమును తేల్చును. ఇంగ్లీషున ఈ నాలుగింటికి నాలుగు త్రోవలు. మొదటిదానికి ‘యాజ్’ మాత్రమే చాలును. రెండవదానికి ‘యాజ్ ఇఫ్’ తో నిశ్చయరీతి. మూడవదానికి ‘దట్’. నాలుగవదానికి ‘యాజ్ ఇఫ్’ తో భావనారీతి.

కడప మండలమునకు 1820 సంవత్సరమున ఉద్యోగియై వచ్చి, 1840లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరను మన జిల్లావారు ఎఱుగుదురు. కడపలో ఆయన బంగళా యున్న స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు. ఇంగ్లీషు మాతృభాషగాగల అట్టివారు తెలుగు నేర్చినప్పుడు, నాలుగు త్రోవలు వచ్చి యొక్క ‘అట్లు’లో కలియుటను చూచి యుందురు. మన పిల్లలు ఎదురు దిక్కునుండి ప్రయాణము చేయుచున్నారు. వారి యొక్క త్రోవ నాలుగుగా చీలుచున్నది. చీలికయొద్ద నిలిచి త్రోవ చూపుట మన పని.

ఇక పోలికలలో ఏ రూపమును ఎప్పుడు వాడవలెనో క్రమముగా చెప్పెదము. వ్రాయుటకు ముందు విద్యార్థి తన్ను తాను మూడు ప్రశ్నలు అడిగికొనవలెను.

మొదటి ప్రశ్న: నేను పోల్చుచున్నది నిజముగా ఉన్నదా, లేక జరిగినదా? అట్లయినచో ‘యాజ్’ గాని ‘దేన్’ గాని వచ్చును. క్రియ నిశ్చయరీతిలోనే యుండును. మన యూరి పేరులోనే గుంట యున్నది గాన దానినే ఉదాహరణముగా తీసికొందము. ఈ గుంట నా చిన్నతనములో ఉన్నదానికంటె చిన్నదైనది అనుటకు ‘ద పాండ్ ఈజ్ స్మాలర్ దేన్ ఇట్ వాజ్ ఇన్ మై చైల్డ్‌హుడ్’ అని వ్రాయవలెను. ‘దేన్ ఇట్ వర్’ అనుట తప్పు. భావనారీతిని క్రొత్తగా నేర్చిన విద్యార్థులు దానిపై మక్కువతో ఇట్టి చోట్లను ‘వర్’ వ్రాయుదురు. గుంట ఒకప్పుడు పెద్దదిగా ఉండుట జరిగిన సంగతి. ‘హీ ఈజ్ యాజ్ స్ట్రాంగ్ యాజ్ హీ వాజ్ లాస్ట్ ఇయర్’ అనుటయు ఇట్టిదే. ‘దేన్’ తరువాత ‘ఇఫ్’ కూడ వచ్చి, ఆ షరతు అసత్యమైనప్పుడు మాత్రమే ‘వర్’ తగును. ఆమె ఆ యనాథబాలుని తన కుమారుడై యున్నచో ఎంతగా ప్రేమించునో అంతకు తక్కువగా ప్రేమింపలేదు అనుచోట ‘నో లెస్ దేన్ ఇఫ్ హీ వర్ హర్ సన్’ అని వ్రాయుదురు.

రెండవ ప్రశ్న: నేను పోల్చుచున్నది నిజము కాదని నాకు తెలియునా? తెలిసినచో ‘యాజ్ ఇఫ్’ తరువాత భావనారీతి. ‘హీ స్పెండ్స్ మనీ యాజ్ ఇఫ్ హీ వర్ ఎ రిచ్ మాన్’ అన్నచో అతడు ధనవంతుడు కాడని మనకు తెలియును. ఇతర క్రియలైనచో వాని భూతకాల రూపమే ఆ పని చేయును: ‘హీ వాక్స్ యాజ్ ఇఫ్ హీ ఓన్డ్ ద విలేజ్.’ ఊరు అతనిది కాదు. ఇచ్చట ‘ఓన్డ్’ అనునది చూపునకు భూతకాలమైనను నేటి మాటయే. అసత్యము గడచిన విషయమును గూర్చినదైనచో ‘హ్యాడ్’ వచ్చును. రైలు వెడలిపోయిన తరువాత కూడ బల్లపై నిశ్చింతగా కూర్చున్న ప్రయాణికుని చూచి ‘హీ సిట్స్ దేర్ యాజ్ ఇఫ్ ద ట్రెయిన్ హ్యాడ్ నాట్ లెఫ్ట్’ అందుము. రైలు వెడలుట నిజము. వెడలకుండుట అతని యాసనములో కనబడు అసత్యము.

మూడవ ప్రశ్న: నేను పోల్చుచున్నది నిజము కావచ్చునని నాకు తోచుచున్నదా? తోచినచో నిశ్చయరీతియే తగినది. ‘లుక్స్’, ‘సీమ్స్’, ‘సౌండ్స్’ వంటి క్రియల తరువాత తఱచుగా ఇట్టి యర్థమే యుండును. పెన్నేరు సంవత్సరములో చాల కాలము ఇసుకగానే యుండు మన సీమలో, ఒక సాయంకాలము తూర్పున నల్లని మబ్బు లేచి చల్లగాలి వీచినప్పుడు, రైతు ‘ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనును. అతనికి నిశ్చయము లేదు గాని ఆశ కలదు, ఆశకు ఆధారమైన మబ్బును కలదు. ఇచ్చట ‘వర్’ వ్రాసినచో ఆ మబ్బు మనలను మోసగించుచున్నదను ధ్వని కలుగును. విత్తనము సిద్ధము చేసికొన్న రైతు నోట ఆ మాట పెట్టుట తగదు. అట్లే 2016లో నంద్యాల రైలుమార్గము తెరువబడిన తరువాత రాకపోకలు హెచ్చిన మన స్టేషనులో, ప్లాటుఫారము శూన్యముగా నుండుట చూచి ‘ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ ద ట్రెయిన్ హ్యాజ్ లెఫ్ట్’ అనవలెను. రైలు వెళ్లియుండవచ్చును, అందుచేత ‘హ్యాజ్’.

ఈ మూడు ప్రశ్నలకు లొంగని స్థలము ఒకటి కలదు. కథను గతకాలమున చెప్పుచున్నప్పుడు, ‘హీ లుక్డ్ యాజ్ ఇఫ్ హీ వాజ్ ఇల్’ అని కొందరును, ‘యాజ్ ఇఫ్ హీ వర్ ఇల్’ అని కొందరును వ్రాయుదురు. ప్రధానక్రియ భూతకాలమందున్నందున ‘ఈజ్’ అనునది తనంతట తానే ‘వాజ్’ అగును. కావున ‘వాజ్’ వ్రాసినవాడు, అతడు జబ్బుతోనే యుండెనేమో యని సందేహమును నిలుపుకొన్నవాడు కావచ్చును. ‘వర్’ వ్రాసినవాడు కొంత హెచ్చు దూరమును చూపినవాడు. ఇచ్చట రెండును గ్రాహ్యములే. ‘వర్’ గ్రంథభాషకు, ‘వాజ్’ సంభాషణకు దగ్గఱగా నుండును. తెలిసిన అసత్యముల యందును నేటి ఇంగ్లీషువారు మాటలలో ‘వాజ్’ వాడుట కలదు. కాని పరీక్షాపత్రములందును, వినతిపత్రములందును విద్యార్థులు ‘వర్’ వ్రాయుట మేలు.

ఒక పురాతనమైన పదబంధము ఈ భేదమునంతను చిన్న అద్దములో చూపును. ‘యాజ్ ఇట్ వర్’ అనునది ‘ఇఫ్’ లేకుండగనే ‘అన్నట్లు’ అను నర్థము నిచ్చును. దీనిలోని ‘వర్’ను ‘వాజ్’గా మార్చి ‘యాజ్ ఇట్ వాజ్’ అన్నచో అర్థమే తలక్రిందులై, ఉన్నది ఉన్నట్లు అని యగును. 1611లో ప్రకటింపబడిన ఇంగ్లీషు బైబిలునందు, ముఖ్యముగా ప్రకటన గ్రంథమున, ఈ పదబంధము మాటిమాటికి కనబడును. దర్శనమును చూచినవాడు మానవభాషలో దానికి సరియైన పేరు లేక, దీనివంటిది, దానివంటిది అని చెప్పవలసివచ్చినప్పుడు అనువాదకులు ఈ మాటను వాడిరి. ఆదివారపు పాఠమున దీనిని వినునప్పుడు విద్యార్థులు ఈ వ్యాకరణమును జ్ఞాపకము చేసికొనవచ్చును.

మన యాలంకారికులకును ఈ భేదము క్రొత్తది కాదు. రెండు వస్తువులకు గల సాదృశ్యమును చెప్పుట ఉపమ. ఒక వస్తువును మఱియొకటిగా ఊహించి చెప్పుట ఉత్ప్రేక్ష. ముఖము చంద్రునివలె నున్నది అనుట ఉపమ. చీకటి లోకమునకు కాటుక పూయుచున్నదో యనునట్లున్నది అనుట ఉత్ప్రేక్ష. చీకటి నిజముగా కాటుక పూయదు. సంస్కృతమున ‘ఇవ’ అను నొక్క మాట రెండింటికిని వచ్చును గనుక, అది ఎచ్చట ఉపమయో, ఎచ్చట ఉత్ప్రేక్షయో దండి మొదలగువారు చర్చించిరి. ఉపమను ఇంగ్లీషున ‘లైక్’ తోనో, ‘యాజ్’ తోనో చెప్పవచ్చును. ఉత్ప్రేక్షకు ‘యాజ్ ఇఫ్’ తోడి భావనారీతి సహజమైన చోటు. తెలుగు పద్యములలో అలంకారమును గుర్తింపగల విద్యార్థికి ఇంగ్లీషు ‘వర్’ అన్యము కాదు.

ఇంత స్పష్టముగా నున్నచో మేము ఎట్లు పొరబడితిమి? గ్రంథములలో భేదాభిప్రాయములు లేకపోలేదు. 1926లో ఫౌలరు అను పండితుడు ప్రకటించిన ఇంగ్లీషు ప్రయోగ నిఘంటువున ‘యాజ్ ఇఫ్’ తరువాత వర్తమానకాల రూపము రాకూడదని గట్టిగా చెప్పబడినది. 1985లో క్విర్కు మొదలగు నలుగురు పండితులు వెలువరించిన బృహద్వ్యాకరణమున, ఇంగ్లీషువారు రెండు రూపములను వాడుదురనియు, రూపమునుబట్టి అర్థము మాఱుననియు వివరింపబడినది. 1930వ దశకమునుండి మన దేశపు పాఠశాలలలో తరతరములకు ఇంగ్లీషు నేర్పిన రెన్, మార్టిన్ అనువారి వ్యాకరణము, అసత్యమును తెలుపునప్పుడు ‘వర్’ రావలెనని చెప్పినది. మేము శిక్షణ కళాశాలలో చదివినప్పుడు ‘అసత్యమును తెలుపునప్పుడు’ అను ముఖ్యమైన మాటను వదలి, ‘యాజ్ ఇఫ్’ తరువాత ‘వర్’ అను తోకను మాత్రము కంఠస్థము చేసితిమి. తప్పు పుస్తకములది కాదు, మాదే. సూత్రమును దాని కారణముతో కూడ నేర్వనివాడు దానిని కారణము లేనిచోట కూడ ప్రయోగించును.

మఱునాడు మేము తరగతిలో ఆ బాలుని నోటుపుస్తకమును అడిగి తీసికొని, మా దిద్దుబాటును మేమే కొట్టివైచి, అతని ‘ఈజ్’ను మరల వ్రాసి, మార్కును చేర్చితిమి. తరువాత నల్లబల్లపై రెండు వాక్యములను వ్రాసితిమి: ‘మై ఫాదర్ లుక్స్ యాజ్ ఇఫ్ హీ ఈజ్ వెల్’, ‘మై ఫాదర్ వాక్స్ యాజ్ ఇఫ్ హీ వర్ వెల్.’ ఈ రెంటికిని భేదమేమని అడుగగా, వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, “మొదటి నాయనకు బాగైంది సార్. రెండో నాయన నొప్పిని బిడ్డలకు కనపడనీకుండా నడుస్తా ఉండాడు” అనెను. మేము ఇరువది యేండ్లుగా చెప్పినదానికంటె ఆ యొక్క మాట ఎక్కువ చెప్పినది. అట్టి తండ్రులును మన యూర నున్నారు. వారిని గూర్చి వ్రాయవలసినప్పుడు ‘వర్’ అను రూపమే సత్యమును పలుకును.

పరీక్షకు పోవు విద్యార్థులకు ఒక సూచన. ప్రశ్నపత్రములో ‘హీ బిహేవ్స్ యాజ్ ఇఫ్ హీ — ద ఓనర్’ వంటి వాక్యమిచ్చి ఖాళీని పూరింపుమన్నచో, సందర్భము మఱేమియు లేదు గనుక, అతడు యజమాని కాడనియే అడిగినవారి యుద్దేశమని గ్రహించి ‘వర్’ వ్రాయుడు. మీరు స్వయముగా వ్యాసము వ్రాయునప్పుడు మాత్రము సందర్భము మీకే తెలియును. అప్పుడు పై మూడు ప్రశ్నలను అడిగికొని వ్రాయుడు. ఉపాధ్యాయుడు దిద్దినది మీ భావమునకు విరుద్ధముగా తోచినచో, ఆ బాలునివలె వినయముతో వచ్చి అడుగుడు. అడుగుట అవిధేయత కాదు.

తలిదండ్రులకు మా మనవి యేమనగా, ఇంగ్లీషు రాకపోయినను మీరు బిడ్డల చదువునకు తోడ్పడగలరు. బిడ్డ యొక వాక్యమును చదివినప్పుడు, అది నిజమా, నిజమని నీకు తోచినదా, ఉత్త పోలికయా అని తెలుగుననే అడుగుడు. ఆ ప్రశ్నకు బదులు దొరికినచో క్రియారూపము తనంతట దొరకును. తోటి యుపాధ్యాయులకును ఒక మాట. ఎర్ర సిరాను కాగితముపై పెట్టుటకు ముందు, ఈ బిడ్డ ఏమి చెప్పదలచినాడో ఒక నిమిషము ఆలోచింతము. రూపము తప్పైనచో దిద్దవలసినదే. కాని రూపమును దిద్దుచు సత్యమును చెఱపరాదు.

అర్ధసంవత్సర పరీక్షల తరువాత ప్రగతి పత్రముపై సంతకము చేయుటకు ఆ బాలుని తండ్రి పాఠశాలకు వచ్చెను. గేటునుండి మా గదివఱకు చేతికఱ్ఱ లేకయే నడచివచ్చెను. మెట్లయొద్ద మాత్రము గోడను పట్టుకొనెను. ఆ వారము వ్రాసిన వ్యాసములో బాలుడు తండ్రిని గూర్చి మరల ఒక వాక్యము వ్రాసెను. అందులో ‘యాజ్ ఇఫ్’ లేదు. ‘మై ఫాదర్ ఈజ్ వెల్’ అని మాత్రమే యున్నది. మేము దానిని రెండు మాఱులు చదివి, క్రింద తేది వేసి, పుస్తకమును మూసితిమి.